బ్యాచిలర్ల బతుకమ్మ

నలుగురు పిల్లల తండ్రిని పట్టుకుని బ్యాచిలర్ అని పిలిచే ఊరు దోహా ఒక్కటే నేను చూసింది. పెళ్ళాన్ని వెంట తెచ్చుకోలేని మగవాడు అక్కడ బ్యాచిలరే. మనవడు పుట్టినా బ్యాచిలరే. శుక్రవారం సెలవు. పార్కులకీ, కొన్ని బజార్లకీ ఆ రోజు 'ఫ్యామిలీస్ ఓన్లీ' అని బోర్డు. వారమంతా ఆ ఊరిని కట్టినవాళ్ళకి ఉన్న ఒక్క సెలవు రోజున ఆ ఊళ్ళోకి ప్రవేశం లేదు.

సరే, ఆడపిల్లలు హాయిగా తిరగాలని పెట్టిన రూలు అనుకుందాం. నేనూ ఆడదాన్నే, అర్థం చేసుకోగలను. కానీ ఒక శుక్రవారం మా ఆఫీసులోని ఓ తెల్లాయన, భార్య ఎక్కడో వేరే ఖండంలో ఉన్న మనిషి, పొట్టి నిక్కరు వేసుకుని, చేతిలో జ్యూస్ పట్టుకుని, ఆ పార్కు గేటులోంచి తూనీగలా లోపలికి పోవడం నా కళ్ళతో నేను చూశాను. ఎవరూ ఆపలేదు. ఎవరూ 'నీ ఫ్యామిలీ ఏది' అని అడగలేదు. ఆయన వెనకే వచ్చిన, ఇస్త్రీ చొక్కా వేసుకున్న నల్లటి తెలుగు కుర్రాళ్ళిద్దర్ని మాత్రం ఆపారు. ఆ రోజు నుంచీ ఆ బోర్డు మీద నాకు నమ్మకం పోయింది. ఆ బోర్డు చూసేది చెయ్యి పట్టుకున్న భార్యని కాదు, చేతి రంగుని.

అవి చమురు ధర ఆకాశానికి ఎగబాకిన రోజులు. పొద్దున లేచేసరికి ఎదురుగా ఇంకో అంతస్తు లేచి ఉండేది. మేం అల్ హిలాల్‌లో ఒక పెద్ద విల్లాని ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో ఒక వాటాలో ఉండేవాళ్ళం. వంటిల్లు ఒకప్పుడు ఎవరిదో పడకగది అయ్యుండాలి. స్టవ్ పక్కనే గోడలో బట్టల బీరువా ఉండేది, అందులో నేను పప్పులు పెట్టుకునేదాన్ని. పక్క వాటాలో హైదరాబాదు ఆవిడ. బురఖా, నోట్లో పాన్, నాలుక మీద సగం దక్కనీ సగం తెలుగు. ఆవిడ భర్తకి ఓ మినీ బస్సు ఉండేది, స్కూలు పిల్లల్ని తిప్పేవాడు. నా నోటికి తగిన నోరు దోహాలో నాకు దొరికింది ఆవిడదే.

నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. పేరు చూసి భయపడకండి. ఇంజినీర్లు గీసిన డ్రాయింగుల్లో ఏది పాతది, ఏది కొత్తది అని చూసి సైటుకి సరైనది పంపడం నా పని. మీటింగులో నేను పొద్దున చెప్పిన మాటకి అందరూ బల్ల వైపు చూసేవాళ్ళు. అదే మాట మధ్యాహ్నం తెల్లాయన నోట్లోంచి వస్తే ఐడియా అయ్యేది. "అది నేనన్నదే కదా" అని ఊరుకోకుండా అనేదాన్ని. అందుకే నన్ను మీటింగులకి పిలవడం తగ్గించారు.

ఆ మంటతో ఇంటికొస్తే మనవాళ్ళ మాటలు ఇంకో మంట. ఆఫ్రికా మనిషి కనబడితే చాలు, 'ఆ నల్లోడు' అని తెలుగులో గుసగుస. అనేవాళ్ళేమన్నా పాలరాతి బొమ్మలా? అందరం నేరేడుపండుకీ చింతపండుకీ మధ్యలో ఎక్కడో ఉన్నవాళ్ళమే. మనకన్నా తెల్లవాడు చిన్నచూపు చూస్తే అన్యాయం, మనకన్నా నల్లవాడిని మనం చూస్తే అలవాటు. ఈ మాట ఒక సత్యనారాయణ వ్రతంలో అన్నాను. ప్రసాదం నాదాకా వచ్చేసరికి అయిపోయింది.

ఇక గునుగుపూల సంగతి.

మా కంపెనీ సైటు దోహాకి దూరంగా, మెసయీద్‌లో. వారానికోసారి డ్రాయింగుల గొట్టాలు పట్టుకుని కంపెనీ బండిలో అక్కడికి వెళ్ళేదాన్ని. ఒక రోజు కూలీలుండే క్యాంప్ పక్కగా బండి ఆగింది. డ్రైవరు డీజిల్ కోసం వెళ్ళాడు. ఎండకి కళ్ళు మూసుకుపోతున్నాయి. రేకుల గదుల వరస వెనకాల ఏదో తెల్లగా, గులాబీగా ఊగుతోంది. గుడ్డలు ఆరేశారనుకున్నాను. దగ్గరికి వెళ్తే, గునుగు! అచ్చంగా మా జగిత్యాల చేలగట్ల మీద మొలిచే, బతుకమ్మలో పేర్చే గునుగు. దాని పక్కన బంతి. ప్రతి గదికీ బయటికి పొడుచుకొచ్చిన ఏసీ, ఆ ఏసీకో పైపు, ఆ పైపు కింద ఓ మడి. ఎండ ఎంత ముదిరితే ఏసీ అంత కారుతుంది, ఏసీ ఎంత కారితే మొక్కకి అంత నీరు. ఆ ఎడారి ఎండే నీళ్ళు పోసి పెంచుతోంది!

నేను గట్టిగా అరిచేశాను. "ఇవెవలు వెట్టిండ్రే!"

గది లోపల్నించి లుంగీ, బనీను మీద ఒక మనిషి బయటికొచ్చాడు. మీసాలు నెరిశాయి. తెలుగు వినగానే ముఖం విచ్చుకుంది. "నేనే వెట్టిన. ఏ ఊరమ్మా మీది?"

చెప్పాను. ఆయన వేళ్ళు మడుస్తూ ఊళ్ళన్నీ లెక్కేసుకున్నాడు. "అరె, మీ ఊరి పక్కదే మా మేనత్తనిచ్చిన ఊరు. అంటే నువ్వు నాకు మరదలైతవ్."

"మరదలు గిరదలు జాన్తా నై. చెల్లె అను, లేకుంటే ఇప్పుడే పోత."

"అట్లనే చెల్లె, అట్లనే. కోపం జూడు, మా అత్త లెక్కనే ఉన్నది," అని నవ్వాడు.

ఎవరి కులమేదైనా, ఎవరి ఇంటి గడప ఏదైనా, మా ఊళ్ళలో మనిషి ఎదురుపడితే ముందు వరస తేలాలి. అన్నా, బావా, మామా, పెద్దవ్వా. వరస లేకుండా మాట మొదలవదు. ఆ వరసలు పిలిచిన నోళ్ళే మళ్ళీ పక్కన కూచోబెట్టుకోవు, అది వేరే గొడవ, దాని మీద కూడా నేను చాలాసార్లు అరిచాను. కానీ పిలుపు మాత్రం ఉంది. ఏదో ఒక రోజు దానికి పని పడుతుందని నాకు అప్పుడు తెలియదు.

ఆయన పరంజి కట్టే మేస్త్రీ. గాల్లో ఇనప గొట్టాలతో మెట్లు కడతాడు. పోయినసారి ఇంటికి పోయినప్పుడు చేనులో నడుస్తుంటే అంగీ జేబులో గునుగు విత్తులు రాలాయట. ఇక్కడికొచ్చి చొక్కా ఉతుకుతుంటే కనబడ్డాయట. తన గది ఏసీ కింద చల్లాడు. మొలిచాయి. మరుసటి పంటకి పక్క గదుల నేపాలీలనీ, బంగ్లా వాళ్ళనీ, పెషావరు పఠాన్లనీ అడిగాడు. అందరూ తమ తమ ఏసీల కింద మడి కట్టుకోనిచ్చారు. ఒక పఠాను అయితే పొద్దున నమాజు అవగానే తన మడిలో కలుపు తీస్తాడట.

"ఇన్ని పూలు ఏం జేస్తరన్నా?"

"బతుకమ్మ పేరుస్తం చెల్లె. ఎన్నేండ్లయింది సూడక! పండుగకు నాకు ఎన్నడు సెలవు దొరకలే. అచ్చే నెల సద్దుల బతుకమ్మ నాటికి పెద్దది పేరుస్తం. మా పనేముంటది? కోసుడు, పేర్సుడు. ఆడేటోళ్ళేరి?" అని కాసేపు ఆగి, "దోహల మీరు ఆడుతరటగద. మేం తెస్తం. మీరు ఆడుండ్రి. మేం ఓ పక్కన నిలవడి సూస్తం. గంతే," అన్నాడు.

గంతే! అంతకన్నా చిన్న కోరిక మనిషికి ఉంటుందా? తను పేర్చిన బతుకమ్మని ఎవరైనా ఆడగా చూడాలి. నాకు ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. "తీస్కరాండ్రి. నేనున్న," అనేశాను. అనేశాక, బండి కదిలాక, ఆ పార్కు గేటు గుర్తొచ్చింది.

గల్ఫ్‌లో మన పండగలన్నీ శుక్రవారమే వస్తాయి. తిథి ఏ రోజైనా, జరిగేది శుక్రవారం. బతుకమ్మ ఆడేది పార్కులో. పార్కు శుక్రవారం ఫ్యామిలీలకి మాత్రమే. క్యాంప్ మనుషులకి సెలవు శుక్రవారమే. ముడి ఎంత బిగుసుగా పడిందో చూడండి.

మా తెలుగు సంఘం మీటింగ్ అల్ ముంతజాలో కార్యదర్శి గారి ఫ్లాట్‌లో. ఆయన కోస్తా మనిషి, మంచివాడే, ఎవరినీ నొప్పించడు. అందుకే ఎవరికీ ఉపయోగపడడు. నేను విషయం చెప్పగానే ఆయన చేతిలో టీ కప్పు సాసర్లో చిన్నగా మోగింది.

"అమ్మా, మీరు ఆవేశపడకండి. రూలు మనది కాదు కదండీ."

"రూలు మనది కాదు. మరి మీ ముఖంలో ఆ హమ్మయ్య ఎవరిదండీ?"

ఆయన భార్య అందుకుంది. "అలా అంటే ఎలాగండీ? మన ఆడపిల్లలు ఆడుతుంటే ఆ లేబర్ వాళ్ళంతా చుట్టూ నిలబడి చూస్తుంటే, ఏం బాగుంటుంది చెప్పండి?"

"మీ ఊళ్ళో పండగ చూసేది ఎవరండీ? కలెక్టర్లా?"

"పోనీ ఓ పని చేద్దాం," అన్నాడు కార్యదర్శి, మధ్యేమార్గం దొరికిన సంతోషంతో. "బతుకమ్మని గేటు దాకా తెచ్చి ఇచ్చేయమనండి. మనవాళ్ళు లోపలికి తెచ్చుకుంటారు. వాళ్ళకి స్వీట్ ప్యాకెట్లు ఇచ్చి పంపిద్దాం."

"బాగుంది. పూలు లోపలికి, పూలు పెంచిన చేతులు బయటికి. మా ఆఫీసులో తెల్లాయన మాకు చేసేదే మీరు వాళ్ళకి చేస్తున్నారు. ఆయన్ని తిట్టే హక్కు ఈ గదిలో ఎవరికీ లేదిక."

నా వెనకాల కూర్చున్న హైదరాబాదు ఆవిడ, సంఘంలో సభ్యురాలు కాదు, సమోసాలు బావుంటాయని నాతో వచ్చింది, గొంతు సవరించుకుంది.

"క్యా రే బాబా! పండుగ మీది, పూలు మీవి, లడాయి గూడ మీదే. వాళ్ళు గేట్ కాడికి ఎట్ల వస్తరు, సోంచాయించిన్రా? మెసయీద్ నుంచి నడ్సుకుంట వస్తరా? బస్సు మా ఆయన తెస్తడు. మీరు లడాయి పూరా చేస్కోండ్రి."

ఓటింగు జరగలేదు. కార్యదర్శి గారి మధ్యేమార్గమే నెగ్గింది. నేను ఇంటికొచ్చి గిన్నెలన్నీ చప్పుడయ్యేలా తోమాను. మా ఆయన పేపరు దించకుండానే, "ఇవాళ ఎవరు?" అని అడిగాడు. "సంఘం మొత్తం," అన్నాను. "అయితే వంట నేను చేస్తాలే," అని లేచాడు. మా కాపురం నిలబడింది ఇలాంటి వాక్యాల మీదే.

పండగ శుక్రవారం సాయంత్రం. ఎండ దిగింది కానీ వేడి దిగలేదు. పట్టుచీరలు వంటికి అంటుకుపోతున్నాయి. ఆడవాళ్ళందరం చిన్న చిన్న బతుకమ్మలతో, సూపర్ మార్కెట్ చేమంతులతో పేర్చినవి, గేటు లోపల నిలబడ్డాం. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఘనా దేశం మనిషి, పొడుగు, యూనిఫాం చొక్కా మెడ దగ్గర చెమటతో నల్లబడింది. ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు, అక్కడ అందరిలాగే నాలుగు హిందీ ముక్కలు కూడా.

మినీ బస్సు వచ్చింది. క్యాంప్ మనుషులు దిగారు. తలలకి నూనె, ముఖాలకి పౌడరు, నుదుట బొట్టు, పెళ్ళికొచ్చినట్టున్నారు. మేస్త్రీ కనబడలేదు. బతుకమ్మా కనబడలేదు.

"ఏదన్నా?" అని అడిగితే అందరూ వెనక్కి చూపించి నవ్వడం మొదలుపెట్టారు.

బస్సు వెనకాల ఓ పికప్ మెల్లగా, చాలా మెల్లగా వస్తోంది. దాని మీద మేస్త్రీ, ఇంకొంతమంది. వాళ్ళ మధ్యలో తడి దుప్పట్లు చుట్టిన ఓ గోపురం! పరంజి కట్టే మనిషి కదా, చెయ్యి మొదలుపెడితే పైకే పోతుంది, ఎక్కడ ఆపాలో తెలియలేదు. బిర్యానీ వడ్డించే క్యాంప్ పళ్ళెం అడుగున సరిపోక, పలక చెక్కని గుండ్రంగా కోయించి, దాని మీద వరస మీద వరస పేర్చుకుంటూ పోయారు. తీరా చూస్తే బస్సు తలుపులో పట్టదు. మెసయీద్ నుంచి దోహా దాకా హైవే మీద ఎదురుగాలికి ఎగిరిపోకుండా, పికప్ మీద చుట్టూ కూర్చుని కౌగిలించుకుని తెచ్చారు. వెనకాల వచ్చిన కార్లన్నీ హారన్లు కొట్టాయట. "ఎవలన్న అరిస్తే, యల్లా, ముంగటికి పోరా, మా అమ్మ కూసున్నది ఇండ్ల, జోరుగ నడపరాదని జెప్పిన," అని మేస్త్రీ పైనుంచి కేక వేశాడు.

దుప్పట్లు తీశారు. తెల్లటి గునుగు వరస, గులాబీ రంగు అద్దిన గునుగు వరస, మధ్యలో బంతి, మళ్ళీ గునుగు. మా చేతుల్లోని చేమంతి గుప్పెళ్ళు సిగ్గుతో ముడుచుకున్నాయి. ఆడవాళ్ళ నోళ్ళలోంచి వచ్చిన ఆ 'అబ్బా' నాకిప్పటికీ వినిపిస్తుంది. కోస్తా ఆడవాళ్ళది కూడా.

కార్యదర్శి గారు ముందుకొచ్చారు. "చాలా సంతోషం. ఇక మావాళ్ళు తీసుకెళ్తారు." ఇస్త్రీ చొక్కాల ఇంజినీర్లు, అకౌంటెంట్లు చొక్కా చేతులు పైకి మడుచుకుని పికప్ దగ్గరికి వెళ్ళారు. చెక్కకి చేతులు వేశారు. "ఒకటి, రెండు, మూడు" అన్నారు. బతుకమ్మ కదల్లేదు. మళ్ళీ పట్టారు. ఒక పక్కకి వాలింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మేస్త్రీ ఒక్క గంతులో దూకి భుజం అడ్డం పెట్టాడు.

"సారూ, సారూ! ఇడ్సవెట్టుండ్రి. నడుం పట్టేస్తది మీకు. మేం ఎత్తుతం."

మా గార్డు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని భుజాలు చెబుతున్నాయి.

అప్పుడర్థమైంది నాకు. మధ్యేమార్గం పికప్ మీదే చచ్చిపోయింది! ఆ మనుషులు లేకుండా ఆ బతుకమ్మ లోపలికి రాదు. దాన్ని పేర్చిన భుజాలే దాన్ని మొయ్యాలి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పట్టుచీర కాబట్టి ఆగాను.

గార్డు దగ్గరికి వెళ్ళాను. "వీళ్ళు లోపలికి రావాలి."

"మేడమ్, ఫ్యామిలీస్ ఓన్లీ. నాకు తెలుసు, మంచి మనుషులే. కానీ సూపర్‌వైజర్ వస్తే నా డ్యూటీ పోతుంది. అర్థం చేసుకోండి."

అతని కళ్ళలో కోపం లేదు, నిజంగా బతిమాలుతున్నాడు. ఎవరితో పోట్లాడాలి? బోర్డు రాసినవాడు అక్కడ లేడు. బోర్డు పక్కన నిలబెట్టబడినవాడున్నాడు. వాడి ఉద్యోగం పణంగా పెట్టి నేను గెలిస్తే అది గెలుపా?

వెనక్కి తిరిగి చూశాను. మేస్త్రీ బతుకమ్మకి ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోతోంది. "పోనీ తియ్యి చెల్లె," అన్నాడు. "గీడనే రోడ్డు మీద దించి పోతం. మీరు బయటికచ్చి ఆడుండ్రి, లేకుంటే లేదు."

ఆ 'చెల్లె' అన్న పిలుపే నాకు దారి చూపించింది.

"ఫ్యామిలీ అంటే ఎవరు?" అని అడిగాను గార్డుని. "భార్య ఒక్కతేనా? అన్న ఫ్యామిలీ కాదా?"

"అన్న ఫ్యామిలీయే, మేడమ్."

"ఈయన మా అన్న."

గార్డు మేస్త్రీని చూశాడు, నన్ను చూశాడు. "సరే. మిగతావాళ్ళు?"

మిగతావాళ్ళు! పౌడర్ల ముఖాలన్నీ నా వైపే. నేను మా ఆడవాళ్ళ వైపు తిరిగాను. ఎవరూ కదల్లేదు. కార్యదర్శి గారి భార్య చూపు నేల మీద.

ముందు కదిలింది బురఖా. మా హైదరాబాదు ఆవిడ సరాసరి వెళ్ళి, నుదుట ఇంత పెద్ద బొట్టు పెట్టుకున్న ఒకాయన మోచెయ్యి పట్టుకుంది. "యే మేరా భాయ్ హై."

గార్డు తెల్లబోయాడు. "మేడమ్, మీరు ముస్లిం. ఈయనకి తిలకం..."

"హా. భాయ్ హై. చిన్నప్పటి నుంచి గిట్లనే, మాట వినడు. నీకేం కష్టం?" బొట్టు ఆయన కంగారుగా, "అవ్, మా అక్కనే," అన్నాడు, బిగ్గరగా, పాఠం అప్పజెప్పినట్టు. అందరం ఒక్కసారిగా గొల్లుమన్నాం.

ఆ నవ్వే కట్ట తెంపింది. "ఈయన మా మామయ్య!" అంది ఒకావిడ. "వీడు మా మరిది," అంది ఇంకొకావిడ. గోదావరి జిల్లా ఆవిడ ఒకరు, ఓ కరీంనగర్ మనిషి దగ్గరికెళ్ళి, "మీరు మా బాబాయి గారండీ," అంది, ఆయన ఆవిడకన్నా చిన్నవాడు. "అట్లనే బిడ్డా," అన్నాడాయన గంభీరంగా.

గార్డు ఇంక నవ్వు దాచుకోలేదు. కానీ ఉద్యోగం ఉద్యోగమే. "మేడమ్, సూపర్‌వైజర్ మాటలు వినడు, దూరం నుంచి చూస్తాడు. మగవాళ్ళ గుంపు కనబడకూడదు. ప్రతి మనిషి పక్కనా పిల్లో పిల్లాడో ఉంటే... ఫ్యామిలీలా ఉంటే..."

పిల్లలు! ఆ మాటకి నవ్వులు ఆగాయి. ఆడపిల్లల్ని చూస్తారని భయపడ్డ తల్లుల్నే, మీ పిల్లల్ని వాళ్ళ చేతికివ్వండి అంటున్నాడు.

నా కూతుర్ని ముందు పంపాను. నాదేం త్యాగం కాదు, అది నా కూతురు, అప్పటికే పికప్ ఎక్కి కూర్చుంది. అందరం చూస్తున్నది కార్యదర్శి గారి భార్య వైపు. ఆవిడ చంకలో పట్టు లంగా వేసుకున్న చిన్నపిల్ల. ఆవిడ మేస్త్రీ దగ్గరికి నడిచింది. పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల ఆయన నెరిసిన మీసం పట్టుకుని లాగింది. గాల్లో ఇనప గొట్టం మీద నిలబడే ఆ మనిషి, పిల్ల జారకుండా రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు.

"నడుండ్రి," అన్నాడు. "అమ్మను దించుండ్రి."

తర్వాత ఒక్కొక్కరి చేతికీ ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు. బతుకమ్మ మోసేవాళ్ళ కాళ్ళకి కూడా పిల్లలు చుట్టుకున్నారు. ఆ ఊరేగింపు ఆ గేటులోంచి వెళ్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. పుస్తకాల్లో సమానత్వం గురించి ఎన్నో పేజీలు చదివాను. అది ఇలా ఉంటుందని, ఇంత చెమట వాసన, కొబ్బరినూనె వాసన, బంతిపూల వాసనతో ఉంటుందని ఎవరూ రాయలేదు.

పైన పసుపు గౌరమ్మని ఆడవాళ్ళే పెట్టాలి. చెయ్యి అందలేదు. మేస్త్రీ ఓ మోకాలు నేల మీద ఆనించి, రెండో మోకాలు మెట్టులా పెట్టాడు. "ఎక్కు చెల్లె. పరంజి అనుకో." అన్న మోకాలెక్కి గౌరమ్మని పెట్టాను.

పాట అందుకున్నాం. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు, ఒకడుగు ముందుకి. క్యాంప్ మనుషులు చుట్టూ నిలబడ్డారు. ఎవరి మీద ఎవరి చూపూ తప్పుగా పడలేదు. వాళ్ళు ఆడవాళ్ళని కాదు, పువ్వుల్ని చూస్తున్నారు. కొంతమంది పెదాలు కదుపుతున్నారు, పాటంతా నోటికొచ్చు. ఎవరో ఫిలిప్పీను ఆయా ఎత్తుకున్న బిడ్డతో సహా వరసలో దూరింది. తెల్లటి బట్టలో ఓ సూడాన్ పెద్దావిడ చప్పట్ల లయ పట్టేసి, మాకన్నా బాగా వంగింది. "సూడు, గామె నడుం సూసి నేర్సుకోండ్రి," అన్నాడెవరో వెనకనుంచి. కార్యదర్శి గారు ఆ మాటకి అందరికన్నా గట్టిగా నవ్వారు. ఇంజినీర్ల భుజాలూ పరంజి కట్టేవాళ్ళ భుజాలూ రాసుకున్నాయి, ఎవరి ఇస్త్రీ ఎక్కడ చెదిరిందో ఎవరికీ పట్టలేదు.

మెసయీద్ తిరిగి వెళ్ళేముందు మేస్త్రీ గేటు దగ్గర ఆగి గార్డు చేతిలో గుప్పెడు గునుగుపూలు పెట్టాడు. "లే బేటా," అన్నాడు హిందీలో. క్యాంప్ కుర్రాడొకడు పక్కనుంచి "ఆ కాలాకు పూలెం..." అనబోయాడు. మేస్త్రీ తిరిగి చూసిన చూపుకి వాడి మాట సగంలో ఆగింది. "నిన్ను లోపటికి పంపింది గా మనిషే. సక్కగ అన్న అను," అన్నాడు. వాడు అన్నాడు కూడా, "థ్యాంక్యూ అన్న," అని. ఆ పని నేను చేద్దామని నోరు తెరిచాను, అవసరం రాలేదు. నా జీవితంలో నోరు మూసుకుని సంతోషించిన సందర్భాల్లో అదొకటి.

వాళ్ళు వెళ్ళాక గార్డుతో అన్నాను, "నువ్వూ లోపలికొచ్చి కాసేపు చూడాల్సింది."

"డ్యూటీలో గేటు వదలకూడదు, మేడమ్."

"సెలవు రోజు రా మరి."

అతను గునుగుపూవుని వేళ్ళ మధ్య తిప్పుతూ నవ్వాడు. "సెలవు రోజు నేనూ బ్యాచిలర్నే, మేడమ్. నా సెలవు నెలకో శుక్రవారం. నా స్నేహితుడు గేటులో ఉంటాడు. వాడు నన్ను ఆపాలి."

రెండేళ్ళుగా కాపలా కాస్తున్న గడ్డి మీద ఒక్కసారి కూడా కూర్చోలేదట. అక్కడ అతని భార్య లేదు, ముగ్గురు పిల్లలు లేరు. వాళ్ళు ఘనాలో ఉన్నారు. ఇక్కడ అతను ఒంటరి, నల్లటి మగవాడు. ఆ సాయంత్రం నేను పొంగిపోయిన పొంగంతా ఒక్కసారి దిగబోయింది. కానీ నేను దిగనివ్వలేదు. మనసు దిగాలుపడడం నాకు చేతకాదు, పోట్లాడడమే వచ్చు.

"నీ సెలవు ఏ శుక్రవారం?"

చెప్పాడు.

ఆ శుక్రవారం నేను, హైదరాబాదు ఆవిడ, ఇద్దరి పిల్లలు గేటు బయట నిలబడ్డాం. అతను వచ్చాడు. పసుపుపచ్చ పూలచొక్కా, మడతలు చెడని ప్యాంటు, చేతిలో పిల్లలకి జ్యూస్ ప్యాకెట్లు. యూనిఫాం లేకపోతే ఇంత చిన్నవాడా అనిపించింది. నా కూతురు పోయి చెయ్యి పట్టుకుంది. గేటులో అతని స్నేహితుడు, నేపాల్ కుర్రాడు, చెయ్యి అడ్డం పెట్టబోయి, మనిషిని గుర్తుపట్టి, ఏం చెయ్యాలో తెలియక మా అందరినీ మార్చి మార్చి చూశాడు.

"ఫ్యామిలీ?" అన్నాడు నీరసంగా.

"మా తమ్ముడు," అన్నాను. అతని నలుపునీ నా నలుపునీ ఆ కుర్రాడు పక్కపక్కన పెట్టి చూస్తుంటే, "ఏం, పోలికలు కనబడట్లేదా?" అని గదమాయించాను.

"ముక్కు సూడు, ముక్కు," అంది హైదరాబాదు ఆవిడ పాన్ నములుతూ. "అసల్ మా అమ్మీ ముక్కు."

నేపాల్ కుర్రాడు పకపకా నవ్వి చెయ్యి దించేశాడు.

బోర్డు అక్కడే ఉంది. నేనేం పిచ్చిదాన్ని కాదు, అది ఆ రోజు ఊడిపోయిందని చెప్పడానికి. మేం ఉన్నన్నాళ్ళూ ఉంది. కానీ ఆ ఏడాది తర్వాత ప్రతి బతుకమ్మకీ మెసయీద్ నుంచి బస్సు వచ్చింది, ప్రతి తల్లీ అడగకుండానే పిల్లని అందించింది. సంఘం కాగితాల్లో ఎక్కడా రాయకుండానే అది మా ఆచారమైపోయింది. మనుషులు మారరు అని నాతో వాదించేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. మారతారు. కాస్త గొడవ కావాలి, కాస్త బరువైన బతుకమ్మ కావాలి.

అతను లోపలికొచ్చి, బూట్లు విప్పి, ఒక పక్కన జాగ్రత్తగా పెట్టి, గడ్డి మీద కూర్చున్నాడు. అరచేత్తో గడ్డి నిమిరాడు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, తను రోజూ నిలబడే చోటుని చూశాడు.

"ఇక్కడి నుంచి చూస్తే గేటు ఎంత చిన్నగా ఉంది, అక్కా," అన్నాడు. ఆ 'అక్కా' తెలుగులోనే అన్నాడు.

"మరి నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా," అన్నాను.